సెక్యులర్ కార్మెల్‌లో భక్తినామం ఎలా ఎంచుకోవాలి?

సెక్యులర్ కార్మెల్ అంటే మఠంలో చేరకుండా ఇంట్లోనే ఉంటూ కార్మెల్ సభ ప్రార్థనా జీవితాన్ని పాటించే కతోలికుల సంఘం. అందులో ఫార్మేషన్‌లో, అంటే శిక్షణ కాలంలో, ఉన్న గృహస్థులకి కొత్త పేరు కంపల్సరీనా అని కొందరు అడుగుతుంటారు, కాదండీ. మనం మఠంలో చేరట్లేదు, జ్ఞానస్నానం పేరు అలాగే ఉంటుంది, ఆధార్‌లో ఏమీ మారదు. ఇష్టమైతే దానికి తోడుగా ఒక భక్తి బిరుదు పెట్టుకుంటారు, "బాలయేసు మరియ" లాగా అన్నమాట.

ఎంచుకునేటప్పుడు వినడానికి బాగుందా అని కాదు, ప్రార్థనలో మీరు మళ్లీ మళ్లీ ఎక్కడికి వెళ్తున్నారో చూడండి. కార్మెల్ మఠకన్య అయిన చిన్న తెరేజమ్మ (లిసియూ తెరేజా) గారికి ముందు బాలయేసు పేరే ఉండేది, 1889లో మఠవస్త్రం తీసుకున్నప్పుడు తిరుముఖం (క్రీస్తు పవిత్ర ముఖం) అనేది కూడా కలుపుకున్నారు, అప్పటికే వాళ్ల నాన్నగారికి మానసిక అనారోగ్యం మొదలైంది, ఆ బాధే ఆవిణ్ణి శ్రమపడే క్రీస్తు ముఖానికి ఇంకా దగ్గర చేసింది. యూదు కుటుంబంలో పుట్టిన జర్మన్ తత్వవేత్త ఎడిత్ స్టెయిన్ గారైతే 1921లో, కార్మెల్ సభను సంస్కరించిన అవిలా తెరేజమ్మ గారి ఆత్మకథ చదివి కతోలిక విశ్వాసంలోకి వచ్చారు, 1934లో కార్మెల్ మఠవస్త్రంతో పాటు తీసుకున్న పేరులో తెరేజా, సిలువ రెండూ ఉన్నాయి.

అందుకే తొందరొద్దు. మొదటి ప్రామిస్‌కి (సభ జీవితాన్ని పాటిస్తానని ఇచ్చే మాటకి) ముందు కనీసం రెండేళ్ల ఫార్మేషన్ ఉంటుంది కాబట్టి మనసుకి తట్టినవి నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి, శిక్షణ ఇచ్చే ఫార్మేటర్‌తో మాట్లాడండి. నాకైతే కష్టంలో నోటికొచ్చే పేరే సరైనదనిపిస్తుంది.