దేవుని ప్లాన్ ఏంటో తెలియకుండా ఎలా నమ్మాలి?

బాబూ, ప్రభువు నామంలో నీకు శుభాలు.

నీ మెసేజ్ చదివాను. ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయింది, పెళ్ళి సంబంధం మాటలదాకా వచ్చి ఆగిపోయింది, అందరూ "దేవుని ప్లాన్ వేరే ఉందిలే" అనేసి వెళ్ళిపోతున్నారు, ఆ మాట వింటేనే కోపం వస్తోంది అన్నావు. రావడంలో తప్పు లేదు. ఆ మాట నిజమే, కానీ ఏడుస్తున్న మనిషి నోరు మూయించడానికి దాన్ని వాడకూడదు. నీకున్న బాధంతా ముందు దేవుని దగ్గరే చెప్పు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు "ఇంకెంతకాలం" అని నాలుగుసార్లు అడిగాడు. ఆయన్ని నమ్మాడు కాబట్టే ఆయన్నే అడిగాడు.

ఇక నువ్వు పంపిన వాగ్దానం, "మీ గురించి నా ఉద్దేశాలు మేలైనవే" అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11. నాకూ ప్రాణమైన వచనమే. కానీ దాన్ని ఒక్కదాన్నే తీసుకోకు, ఆ అధ్యాయం మొదటినుంచి చదువు. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్ళినవాళ్ళకు రాసిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, వినడానికి ఎంతో బాగుంది, కానీ అది దేవుడు చెప్పించింది కాదు. దేవుడు చెప్పింది 70 ఏళ్ళు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది మళ్ళీ యెరూషలేము చూడరు. అలాంటివాళ్ళతో ఆయన ఏమన్నాడో చూడు: ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. "మీ గురించి నా ఉద్దేశాలు మేలైనవే" అన్న మాట ఆ తర్వాత వస్తుంది. కాబట్టి ఉద్యోగం వచ్చాకే సంఘంలో పని మొదలుపెడతాను, పెళ్ళయ్యాకే నలుగురితో కలుస్తాను అని ఇప్పటి రోజుల్ని పక్కన పెట్టేయకు. ఈ రోజులు కూడా ఆయన ప్లాన్‌లోవే.

దేవుని మీద భారం వేయడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో ప్రభువు రాత్రిపూట పౌలు పక్కన నిలబడి, నువ్వు రోమాలో కూడా సాక్ష్యం చెప్పాలి అన్నాడు. ఇంతకంటే గట్టి మాట ఏం కావాలి! తెల్లారేసరికి నలభైమందికి పైగా అతన్ని చంపేదాకా అన్నం ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి మేనల్లుడు వచ్చి చెప్పగానే పౌలు "ప్రభువు మాట ఇచ్చాడు, నాకేం కాదు" అని ఊరుకోలేదు, కుర్రాణ్ణి సరాసరి పై అధికారి దగ్గరికి పంపించాడు. 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకున్నప్పుడూ అంతే. ఎవరి ప్రాణానికీ హాని ఉండదని దేవదూత చెప్పాక కూడా, నావికులు పడవ దించుకుని పారిపోబోతే, వీళ్ళు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని శతాధిపతికి చెప్పి ఆపించాడు. వాగ్దానం ఉంది కదా అని చేయాల్సిన పని మానలేదు. ఆ ఓడ ముక్కలైంది, అయినా 276 మందీ ఒడ్డుకు చేరారు.

కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన వచనమే జవాబు అనుకోవడం మాత్రం మానేయ్. నీ తరఫున దేవుడు మాకు చెప్పాడంటూ వచ్చేవాళ్ళ మాట మీద పెళ్ళి నిర్ణయం అసలే తీసుకోకు. వాక్యం చదువు, ప్రార్థన చెయ్, నీ మంచి చెడ్డలు తెలిసిన ఒకరిద్దరు విశ్వాసుల్ని అడుగు, నీ బుర్ర కూడా వాడు, అది కూడా ఆయన ఇచ్చిందే. ఇన్ని చేశాక కూడా రెండు దారులూ మంచివే అనిపిస్తే ఏదో ఒకటి ఎంచుకో, టెన్షన్ పడకు. ఎక్కడ తప్పటడుగు వేస్తావా అని కాచుకుని కూర్చునే తండ్రి కాదు ఆయన.

ఇంకొకటి. నీకు అన్యాయం చేసినవాళ్ళది కూడా దేవుని చిత్తమే అని సర్దిచెప్పుకోవాల్సిన పని లేదు. యోసేపు తనను అమ్మేసిన అన్నల ముఖం మీదే మీరు నాకు కీడు తలపెట్టారు అన్నాడు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడనీ అన్నాడు. రెండూ చెప్పాడు, నువ్వూ రెండూ చెప్పొచ్చు.

ఆ రెండో చోటి ఇంటర్వ్యూకి బాగా ప్రిపేర్ అయి వెళ్ళు. అయ్యాక, ఫలితం ఎలా ఉన్నా సరే, ఫోన్ చెయ్. ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం.