రెండు గుర్రాలకు ఎకరం నల్లరేగడిలో ఏ గడ్డి వేయాలి?

గుంటూరు దగ్గర ఎకరం నల్లరేగడి ఉంది, రెండు గుర్రాలున్నాయి, చుట్టుపక్కల పాడి రైతులు సూపర్ నేపియర్ గడ్డి వేయమంటున్నారు, వేయొచ్చా అని అడిగారు. వద్దండీ. మాదీ తెనాలి వైపు నల్ల నేలే, గుర్రాల కోసమే గడ్డి పెంచుతున్నాం.

గేదెకు పడే గడ్డి అంతా గుర్రానికి పడదు. నేపియర్, పారాగడ్డి లాంటివాటిలో ఆగ్జలేట్ అనే పదార్థం ఎక్కువ. అది మేతలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరగ్గొట్టేస్తాయి. గుర్రానికి ఆ పొట్ట లేదు. నెలల తరబడి అదే మేపితే ఎముకల్లోని కాల్షియం తరిగిపోయి దవడలు ఉబ్బుతాయి, కుంటు మొదలవుతుంది. చూడ్డానికి మాత్రం కడుపునిండా పచ్చిగడ్డి తింటూనే ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేం పెంచేది గరిక, కొంత రోడ్స్ గడ్డి. పత్తి చేలో కలుపని పీకి గట్టున పడేసే ఆ గరికే గుర్రపు డెక్కల తొక్కుడుకు తట్టుకుంటుంది. వేసవిలో దున్ని, తుంగ ఏరించి, నీరు నిలవకుండా కాలువ తీయండి. తొలకరి పడ్డాక కణుపులున్న తీగ ముక్కలు నాటండి. నేలంతా అల్లుకున్నాక కూడా గుర్రాలను మేతకు వదలడానికి తొందరపడొద్దు. గుప్పెడు గడ్డి పట్టి లాగితే వేళ్లతో సహా ఊడొస్తుంటే ఇంకా ఆగాలి. మొదటి కోత కొడవలితో కోసి వేయడమే మంచిది.

ఆవుకు పైన ముందు పళ్లుండవు. గుర్రానికి రెండు వరుసలూ ఉంటాయి కాబట్టి నేలకంటా కొరికేస్తుంది. ఎకరాన్ని నాలుగు మడులు చేసి, గడ్డి జానెడు ఎదిగాక వదిలి, నాలుగు వేళ్ల ఎత్తుకు రాగానే పక్క మడికి తోలండి. లద్ది రోజూ ఎత్తించాలి, లేకపోతే పురుగుల గుడ్లు మేతలోకి చేరతాయి. ముసురు పట్టినప్పుడు లోపలికి వదలనే వద్దు, బురదలో డెక్కలు దిగబడి వేళ్లు తెగిపోతాయి. ఎండాకాలం నెర్రెల్లో కాలు ఇరుక్కునే ప్రమాదం ఉంది, అప్పుడు గుర్రాలు కొట్టంలోనే ఉండాలి.

ఎకరంతో రెండింటికీ ఏడాదంతా మేత సరిపోదు, ఎండుగడ్డి కొనక తప్పదు.

కంచెకు ముళ్లతీగ వాడకండి, చర్మం చీరుకుపోతుంది. గట్టు మీద గన్నేరు గానీ గ్లిరిసిడియా గానీ ఉంటే ముందే తీయించండి, రెండూ గుర్రానికి విషమే. సుబాబుల్ ఎక్కువ తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి, అదీ అందకుండా చూసుకోండి.