ధర వేరు, కెఫీన్ ఒకటే: ఎనర్జీ డ్రింక్‌లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఎనర్జీ డ్రింక్‌ల రుచి, ధర, వాటిలో కలిపే పదార్థాల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్ని మాత్రమే ప్రచురించి, జవాబును అందరికీ కలిపి రాశాము.

ప్రశ్న: నేను రాత్రి షిఫ్టులో పని చేస్తాను. మా ఆఫీసు కింది దుకాణంలో రెడ్ బుల్ టిన్ను నూట ఇరవై ఐదు రూపాయలు, దాని పక్కనే పెట్టిన స్టింగ్ సీసా ఇరవై రూపాయలు. రెండూ 250 మిల్లీలీటర్లే. ఆరు రెట్లు ఎక్కువ పెట్టి కొంటే ఆ మేరకు ఫలితం ఉంటుందా, లేక పేరుకే డబ్బు పోస్తున్నామా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: మీకు కావలసింది మెలకువ ఒక్కటే అయితే, ఉండదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఇటువంటి పానీయంలో కెఫీన్ లీటరుకు 145 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, 300 మిల్లీగ్రాములకు మించకూడదు. అంటే 250 మిల్లీలీటర్లలో ఎంత ఖరీదైన కంపెనీ అయినా 75 మిల్లీగ్రాములకు మించి వేయడానికి వీలు లేదు. మీరు చెప్పిన రెండు పానీయాలలోనూ కెఫీన్ ఈ పై హద్దుకు ఆనుకునే ఉంటుంది కనుక, నిద్రను ఆపే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. టారిన్, ఇనోసిటాల్, బి విటమిన్లు వంటివి లేబుల్ మీద గంభీరంగా కనిపిస్తాయి గానీ, తాగిన తరువాత మనకు తెలిసే చురుకుదనంలో సింహభాగం కెఫీన్‌దే. మామూలుగా భోజనం చేసే మనిషికి ఆ విటమిన్ల లోటు అరుదు. అవసరానికి మించినవి చాలా వరకు మూత్రంలో పోతాయి.

మరి మిగిలిన నూట ఐదు రూపాయలు దేనికి? కొంత పన్నుకు పోతుంది. కెఫీన్ పానీయాల మీద 2019 అక్టోబరు నుంచి 28 శాతం జీఎస్టీ, దాని మీద 12 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రెండింటి స్థానంలో 40 శాతం ఒకే పన్ను వచ్చింది. ఆ లెక్కన నూట ఇరవై ఐదు రూపాయల టిన్నులో దాదాపు ముప్పై ఆరు రూపాయలు పన్నే. అయితే ఇరవై రూపాయల సీసా కూడా ఇదే పన్ను కడుతుంది కాబట్టి, ధరలోని అంతరానికి పన్ను ఒక్కటే కారణం కాదు. అల్యూమినియం టిన్నుకు ప్లాస్టిక్ సీసా కన్నా ఖర్చు ఎక్కువ. ఆ పైన ప్రచారం ఖర్చు. ఫార్ములా వన్ పందాలలో సొంత జట్లను నడిపే కంపెనీ ఆ ఖర్చును మన దగ్గర కాక ఇంకెవరి దగ్గర రాబట్టుకుంటుంది?

తేడా నిజంగా కనిపించేది చక్కెర దగ్గర. రెడ్ బుల్ 250 మిల్లీలీటర్ల టిన్నులో సుమారు 27 గ్రాములు, అంటే దాదాపు ఏడు టీస్పూన్ల చక్కెర ఉంటుంది. చౌక రకాలలో చక్కెర కొంత తగ్గించి ఆ లోటును కృత్రిమ తీపి పదార్థాలతో పూరించడం మామూలే. పదార్థాల జాబితాలో 950, 955 అనే అంకెలు కనిపిస్తే అవి వరుసగా ఎసిసల్ఫేమ్, సుక్రలోజ్ అని గుర్తించండి. చక్కెర తీపి తాగిన వెంటనే పోతుంది, వీటి తీపి నాలుక మీద కాసేపు ఉండిపోతుంది. కొందరికి అది నచ్చదు, కొందరు గమనించనే గమనించరు.

విలువ లెక్క పూర్తి కావాలంటే కాఫీని కూడా పక్కన పెట్టి చూడాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములు మించవద్దని ఆ సంస్థ సూచన. చికోరీ కలిపిన పొడి వాడితే ఆ మేరకు కెఫీన్ తగ్గుతుంది, ఎందుకంటే చికోరీలో కెఫీన్ ఉండదు. ఏమైనా మీ ఆఫీసు యంత్రం ఇచ్చే ఒక కప్పు కాఫీ, టిన్నులో దొరికే కెఫీన్‌కు కాస్త అటూ ఇటూగా ఇస్తుంది, చక్కెర ఎంత వేసుకోవాలో మీ ఇష్టానికి వదిలేస్తుంది. ఇరానీ హోటల్ చాయ్‌ని ఈ లెక్కలోకి తేవడం కష్టం. డికాక్షన్ ఎంతసేపు మరిగిందో, ఎంత పాలు కలిపారో హోటల్‌ను బట్టి మారిపోతుంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది: ఆ రుచి మీకు ఇష్టమైతే ఎప్పుడైనా ఒక టిన్ను కొనుక్కోండి, మెలకువ కోసమైతే కాఫీ చాలు. చౌక సీసాతో వచ్చే చిక్కు వేరు. ధర తక్కువ కనుక చేయి రెండో సీసా మీదికి తేలికగా పోతుంది. ఇక వేళ సంగతి ఒకటి. కెఫీన్ తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరి, అందులో సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగినది, మీరు ఇంటికి చేరి తొమ్మిదింటికి పడుకునే వేళకు ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి షిఫ్టు వారు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటలోపే తాగడం ముగిస్తే పగటి నిద్ర అంతగా పాడవదు.

ప్రశ్న: ఏ కంపెనీ టిన్ను తెరిచినా అదే దగ్గు మందు వాసన ఎందుకు వస్తుంది? రుచిలో వీటిలో ఏది మేలు?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: వీటి మూలం మందుల దుకాణమే. జపాన్‌లో 1962లో లిపోవిటాన్ డి అనే టానిక్‌ను చిన్న గాజు సీసాలలో అమ్మడం మొదలుపెట్టారు. ఆ దారిలోనే థాయ్‌లాండ్‌లో క్రేటింగ్ డేంగ్ అనే తియ్యటి, గ్యాసు లేని పానీయం వచ్చి లారీ డ్రైవర్లకు, కూలీలకు అలవాటైంది. ఆస్ట్రియాకు చెందిన డీట్రిచ్ మాటెషిట్జ్ దానిని రుచి చూసి, గ్యాసు చేర్చి, యూరోపియన్ల నోటికి తగినట్లు మార్చి 1987లో రెడ్ బుల్ పేరుతో తమ దేశంలో అమ్మకానికి పెట్టారు. తరువాత వచ్చిన కంపెనీలు చాలా వరకు ఆ రుచినే అనుకరించాయి. దీనికి తోడు కెఫీన్ స్వతహాగా చేదు, బి విటమిన్లకు ఒక రకమైన మందు వాసన ఉంటుంది. వాటిని కప్పడానికి సిట్రిక్ ఆమ్లం, చక్కెర, పండ్ల సువాసనలు దట్టంగా వేయక తప్పదు.

రుచిలో ఏది మేలన్నది నోటిని బట్టి ఉంటుంది గానీ మాకు తోచినది చెబుతాము. రెడ్ బుల్‌లో పులుపు ముందుకు వస్తుంది, అందువల్ల అంత చక్కెర ఉన్నా వెగటు తక్కువ. మాన్‌స్టర్ అంతకన్నా మెత్తగా, తీపిగా ఉంటుంది. టిన్ను కూడా పెద్దది కావడం వల్ల చివరి గుక్కలు బరువనిపిస్తాయి. ఎర్ర స్టింగ్‌లో బెర్రీ పండ్ల సువాసన, రంజాన్ నెలలో రూహ్ అఫ్జా తాగి పెరిగిన హైదరాబాదీ నాలుకకు ఆ ఎరుపూ ఆ తీపీ కొత్తగా అనిపించవు. పోల్చి చూడాలనుకుంటే అన్నిటినీ ఒకే చల్లదనానికి తెచ్చి, పేరు కనిపించకుండా గ్లాసులలో పోయించుకుని తాగండి. చల్లదనం తీపిని అణచివేస్తుంది. ఫ్రిజ్ బయట పావుగంట ఉంచిన టిన్ను అసలు రుచి ఏమిటో దాచకుండా చెబుతుంది.

ప్రశ్న: మేము శాకాహారులము. టారిన్‌ను ఎద్దు నుంచి తీస్తారని విన్నాము. నిజమేనా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మొదటిసారి 1827లో జర్మన్ శాస్త్రజ్ఞులు టీడెమాన్, గ్మెలిన్ దీనిని ఎద్దు పైత్యరసం నుంచే వేరు చేశారు. మీరు విన్న మాటకు మూలం అదే. నేడు పానీయాలలో వాడే టారిన్‌ను కర్మాగారాలలో రసాయనికంగా తయారు చేస్తారు. మన శరీరం కూడా దానిని తనంతట తాను తయారు చేసుకుంటుంది. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి నిశ్చింతగా నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఎప్‌సెట్‌కు చదువుతూ రోజూ సాయంత్రం రెండు సీసాల ఎనర్జీ డ్రింక్ తాగుతున్నాడు. ఇరవై రూపాయలదే కదమ్మా అంటాడు. వారించాలా, పరీక్షలు అయ్యేదాకా ఊరుకోవాలా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఊరుకోవద్దమ్మా. ఇవి పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగినవి కావన్న హెచ్చరిక ఆ సీసా మీదే చిన్న అక్షరాలలో ఉంటుంది. ముందు దానిని మీ అబ్బాయి చేతనే చదివించండి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఆందోళన లేదని చెప్పింది. యాభై కిలోల అబ్బాయికి అది 150 మిల్లీగ్రాములు. రెండు సీసాలతోనే దాదాపు ఆ హద్దు వచ్చేస్తుంది, ఆ పైన ఇంట్లో తాగే టీ, కాఫీలు ఉండనే ఉన్నాయి. పోలండ్ 2024 జనవరి నుంచి పద్దెనిమిదేళ్లు నిండని వారికి వీటి అమ్మకాన్నే నిషేధించింది.

చదువు దృష్టితో చూసినా ఇది లాభం లేని బేరం. చదివినది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. సాయంత్రం తాగిన రెండు సీసాలు ఆ నిద్రకే గండి కొడతాయి. అయితే ఒక్కసారిగా మాన్పిస్తే రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు రావచ్చు. మొదటి వారం ఒక సీసాకు తగ్గించి, దానినీ మధ్యాహ్నానికి జరిపి, తరువాత పూర్తిగా ఆపించండి. గుండె దడ, ఛాతీలో నొప్పి, చేతుల వణుకు వంటివి ఇప్పటికే ఉంటే వారం దాకా ఆగకుండా వైద్యునికి చూపించండి.

ప్రశ్న: మా అక్కయ్య డల్లాస్ నుంచి వస్తూ కొన్ని ఎనర్జీ డ్రింక్ టిన్నులు తెచ్చింది. ఇక్కడివాటికన్నా అవి నాణ్యమైనవంటారు. వాటికీ వీటికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: నాణ్యత మాట అటుంచి, మోతాదు తేడా మాత్రం పెద్దదే. అమెరికాలో అమ్మే సెల్సియస్, ప్రైమ్ ఎనర్జీ వంటి 355 మిల్లీలీటర్ల టిన్నులలో 200 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. లీటరు లెక్కన ఇది మన దేశపు హద్దుకు దాదాపు రెట్టింపు. ఆరోగ్యవంతులైన పెద్దలు ఒక్క విడతలో తీసుకోదగినదిగా ఐరోపా సంస్థ చెప్పిన గరిష్ఠ మోతాదు కూడా 200 మిల్లీగ్రాములే. ఇక్కడి సీసా అలవాటు మీద అక్కడి టిన్నును గటగటా తాగవద్దు. సగం తాగి మిగిలినది మరునాటికి ఉంచుకోండి, గ్యాసు పోయినా నష్టం లేదు.

ప్రశ్న: రోజంతా బండి మీద తిరిగి డెలివరీలు ఇస్తాను. మే నెల ఎండలో నీళ్లకు బదులు ఎనర్జీ డ్రింక్ తాగితే నీరసం తగ్గినట్టు ఉంటోంది. ఇది మంచిదేనా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: తగ్గినట్టు ఉంటుంది, తగ్గదు. అలసటను మెదడుకు తెలియజేసే అడినోసిన్ అనే పదార్థానికి కెఫీన్ కొంతసేపు అడ్డుపడుతుంది, అంతే. చెమటలో పోయిన నీరు, ఉప్పు అలాగే బాకీ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం కలిపిన ఓఆర్‌ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. చక్కెర నిండిన ఎనర్జీ డ్రింక్ లీటరుకు 110 గ్రాముల దాకా చక్కెర మోస్తుంది. అంత చిక్కని తీపి ఉన్న ద్రవం నుంచి పేగులు నీటిని త్వరగా పీల్చుకోలేవు. ఈ మోతాదు కెఫీన్ ఒంట్లో నీటిని తోడేస్తుందన్న ప్రచారం మాత్రం అతిశయోక్తి. అసలు లోపం ఉప్పు చాలకపోవడం, చక్కెర ఎక్కువ కావడం.

ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ సీసాలో పోసుకుని వెంట ఉంచుకోండి, లేదా మందుల దుకాణంలో ఓఆర్‌ఎస్ పొడి కొనుక్కోండి. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉన్నదే తీసుకోండి. ఆ సూత్రానికి సరిపోని తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ అన్న పేరును వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

ప్రశ్న: నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. షుగర్‌ఫ్రీ టిన్ను తాగవచ్చునా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, చిక్కడపల్లి

జవాబు: షుగర్‌ఫ్రీ టిన్నులో తీసివేసేది చక్కెరను మాత్రమే, కెఫీన్, ఆమ్లం అలాగే ఉంటాయి. కెఫీన్ కొంతసేపు రక్తపోటును పెంచుతుంది, కొందరు మధుమేహులలో భోజనం తరువాతి గ్లూకోజును కూడా పెంచుతుంది. తీపి కోసం ఆస్పర్టేమ్ వాడితే జాబితాలో 951 అని ఉంటుంది. దానిని 2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్‌కు కారణం కావచ్చునేమో అన్న వర్గంలో చేర్చింది గానీ, అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మార్చలేదు. ఎప్పుడో తాగే ఒక టిన్నుతో ఆ పరిమితి దరిదాపులకు కూడా చేరరు. మీ విషయంలో ఆలోచించవలసింది తీపిని గురించి కాదు, కెఫీన్‌ను గురించి. బీపీ మందులు వాడుతున్నారు కనుక లేబుల్‌ను ఫోటో తీసి మీ వైద్యునికి చూపించి, ఆయన సరేనన్న తరువాతే తాగండి.