మాంద్యం తర్వాత: దేశం లెక్క, ఊరి లెక్క

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: కరోనా నాటి మాంద్యం నుంచి దేశం పూర్తిగా కోలుకుందని, 2023-24లో ఎనిమిది శాతానికి మించి వృద్ధి వచ్చిందని చదివాను. అదే సమయంలో మా దగ్గర సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయి, పని లేక అవస్థ పడ్డాం. ఇందులో ఏది నమ్మాలి? – ఒక ఆసామి (యజమాని ఇచ్చే నూలుతో కూలికి బట్ట నేసేవారు), సిరిసిల్ల

జవాబు: మీరు చదివిందీ నిజమే, మీరు పడ్డ అవస్థా నిజమే. ఈ రెండూ ఒకే కాలంలో ఎలా పొసగుతాయో తెలియాలంటే, ఆ శాతాలను ఎక్కడి నుంచి లెక్కపెట్టారో ముందు చూడాలి.

లాక్‌డౌన్ అమల్లో ఉన్న 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ స్థూల దేశీయోత్పత్తి, అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, దాదాపు 24 శాతం పడిపోయింది. నిర్మాణ రంగం సగానికి కుదించుకుపోయింది. ప్రధాన రంగాల్లో వ్యవసాయం మాత్రమే, అదీ 3.4 శాతం, పెరిగింది. మరుసటి ఏడాది అదే త్రైమాసికంలో 20.1 శాతం వృద్ధి నమోదైందని ప్రకటించగానే రికార్డు అన్నారు. కానీ నూరు రూపాయలు 76కు పడిపోయి, ఆ 76 మీద 20 శాతం పెరిగితే వచ్చేది 91 మాత్రమే. అసలు అంకెల్లో చెప్పాలంటే, 2011-12 నాటి ధరల్లో (అంటే ధరల పెరుగుదలను తీసేసి) లెక్కగట్టిన ఉత్పత్తి 2019 ఏప్రిల్-జూన్‌లో 35.66 లక్షల కోట్ల రూపాయలు ఉండగా, 2021లో అవే నెలల్లో 32.38 లక్షల కోట్లే. 2021-22 సంవత్సరం మొత్తం ముగిశాక కూడా, అప్పటి అంచనాల ప్రకారం, దేశం 2019-20 స్థాయికి సుమారు ఒకటిన్నర శాతం పైన మాత్రమే ఉంది. రెండేళ్ల ఎదుగుదల అంతా కలిపి అంతే. వ్యాపారం, హోటళ్లు, రవాణా కలిసిన రంగమైతే అప్పటికింకా పాత స్థాయికి పదకొండు శాతం కిందనే ఉండిపోయింది.

ఇక దేశం మొత్తానికి వేసిన ఆ లెక్క లోపల ఎవరెవరు ఉన్నారన్నది రెండో సంగతి. దేశమంతా కుంగిన 2020-21లోనే తెలంగాణ ఐటీ ఎగుమతులు 1.28 లక్షల కోట్ల నుంచి 1.45 లక్షల కోట్లకు పెరిగాయి, ఎందుకంటే ఆ పనిని ఇంట్లో కూర్చుని చేయవచ్చు, కొనేవారేమో విదేశాల్లో ఉన్నారు. మరమగ్గం పని అలాంటిది కాదు. యజమాని నూలు ఇస్తేనే బీములు (పడుగు నూలు చుట్టిన దిమ్మెలు) వస్తాయి, బీము ఎక్కితేనే సాంచా ఆడుతుంది, ఆడినన్ని మీటర్లకే ఆసామికి కూలి ముడుతుంది. పాలిస్టర్ నూలు ధర ముడిచమురు ధర వెంట నడుస్తుంది. నేసిన బట్టను కొనేది ఎక్కువగా తక్కువ ఆదాయ కుటుంబాలు. పైగా 2017 నుంచి సిరిసిల్లకు పెద్ద ఆధారంగా ఉన్న ప్రభుత్వ బతుకమ్మ చీరల పంపిణీ 2024లో జరగలేదు. మహిళా సంఘాల సభ్యుల చీరల ఆర్డర్ ఆ తర్వాతే వచ్చింది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన ఊరికి ఆ కొనుగోలు ఆగడమే మాంద్యం. దేశం లెక్కలో అది కనిపించనంత చిన్నది. మీ ఇంటి లెక్కలో మాత్రం సర్వస్వం.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. త్రైమాసిక అంచనాలకు ప్రధాన ఆధారం పెద్ద కంపెనీల ఫలితాలు, పన్నుల వసూళ్ల వంటివి. చిన్న పనివాళ్ల ఆదాయాన్ని చాలావరకు వాటి పోకడను బట్టి ఊహిస్తారు. పెద్దవాళ్లు కోలుకుని చిన్నవాళ్లు కోలుకోని కాలంలో ఈ పద్ధతి పొరపాటు పడుతుంది, సరిగ్గా మాంద్యం తర్వాతి సంవత్సరాలే అలాంటి కాలం. జిల్లాల స్థూలోత్పత్తి లెక్కలు వస్తాయి కానీ, ఆలస్యంగా వస్తాయి. వాటిలోని అంతరాలు చూస్తే నిజంగా కలవరం కలుగుతుంది: 2016 దాకా ఒకే జిల్లాగా ఉన్న రంగారెడ్డి, వికారాబాద్‌ల మధ్య ఇప్పుడు తలసరి ఆదాయంలో నాలుగు రెట్లకు పైగా తేడా ఉంది. అమెరికాలో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన పన్నెండు ప్రాంతాల్లోని వ్యాపారులను, బ్యాంకర్లను అడిగి తెలుసుకున్న పరిస్థితులను ఏడాదికి ఎనిమిదిసార్లు ప్రచురిస్తుంది. అలా ప్రాంతాల వారీగా మాటల్లో చెప్పే నివేదిక మనకూ ఉంటే, సిరిసిల్లలో సాంచాలు ఆగిన సంగతి ఢిల్లీకి, ముంబైకి కొన్ని వారాల్లోనే లిఖితపూర్వకంగా చేరేది.

ప్రశ్న: మాంద్యం మొదలైందని, ముగిసిందని మన దేశంలో అధికారికంగా ఎవరు ప్రకటిస్తారు? – ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: అందుకోసం ప్రత్యేకంగా ఏ సంస్థా లేదు. వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే మాంద్యం అనుకోవడం వాడుక. 2020 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంకు బులెటిన్‌లోని ఒక విశ్లేషణ దేశం సాంకేతికంగా మాంద్యంలోకి వెళ్లిందని చెప్పింది. అక్టోబర్-డిసెంబర్‌లో స్వల్ప వృద్ధి కనిపించడంతో ఆ కొలత ప్రకారం అది ముగిసింది. పనివాళ్ల కొలత వేరు. ఉపాధి హామీ కింద 2019-20లో సుమారు 265 కోట్ల పనిదినాలు కల్పించగా, 2020-21లో అవి 389 కోట్లకు చేరాయి. 2018-19లో పనిచేసేవారిలో 42.5 శాతం మంది వ్యవసాయంలో ఉంటే, 2020-21లో 46.5 శాతం అయ్యారు. 2023-24లోనూ ఆ వాటా 46 శాతం దగ్గరే ఉంది. నగరం నుంచి పొలానికి వెనక్కి మళ్లిన పరిస్థితి పూర్తిగా తిరగబడలేదన్నమాట. పరీక్షలో మొదటి నిర్వచనమే రాయండి, కానీ ఈ రెండో కొలతనూ గుర్తుంచుకోండి.

ప్రశ్న: దేశ ఆర్థిక వృద్ధి బాగుంటుందని అంచనాలు వస్తున్నాయి. వాటిని నమ్మి ఇంకో రెండు చెరువులు లీజుకు తీసుకోవచ్చా? – ఒక రొయ్యల రైతు, భీమవరం

జవాబు: ఆ అంచనాలు మీ చెరువు గురించి చెప్పేది చాలా తక్కువ. 2025 ఏప్రిల్-జూన్‌లో దేశ వృద్ధి 7.8 శాతమని ఆగస్టు చివర్లో ప్రకటించారు. అదే ఆగస్టులో అమెరికా మన సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది, అప్పటికి మన రొయ్యలను అత్యధికంగా కొంటున్నదీ అమెరికాయే. ఒకే వారంలో దేశానికి మంచి కబురు, గోదావరి జిల్లాలకు చెడ్డ కబురు వచ్చాయి.

మీ రాబడిని నిర్ణయించేవి వేరే ఉన్నాయి: మీరు పట్టే కౌంట్‌కు (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) కొనుగోలుదారు ఇచ్చే ధర, మేత ధర, సీడ్ (రొయ్య పిల్లల) నాణ్యత, కరెంటు ఖర్చు, అమెరికా సుంకం, డాలర్ విలువ. వీటిలో మేత పెద్ద ఖర్చు, అది సోయా ధరతో ముడిపడి ఉంటుంది. దేశ వృద్ధి మీకు పనికొచ్చేది ఒక్క చోట, దేశంలోనే రొయ్యలు తినేవారు పెరిగితే. ఆ మార్కెట్ ఇంకా చిన్నది. అందువల్ల నా సలహా ఇది: ఇప్పుడున్న చెరువుల్లో ఒక్క పంట ఖర్చును కిలోకు లెక్కగట్టి, ధర గత సీజన్‌లో పడిన కనిష్ఠానికి మళ్లీ పడినా లీజు సొమ్ము కట్టగలరేమో చూడండి. కట్టగలిగితే రెండు కాకుండా ఒక చెరువు తీసుకోండి, అదీ ఒక్క పంట కాలానికే ఒప్పందం రాయించుకోండి.