పలక మీది అంకెలు, పంపినవారి మాట

ప్రశ్న: రహదారుల మీద తిరిగే కొన్ని ట్యాంకర్లకు నారింజ రంగు పలక, దాని మీద రెండు వరుసల్లో అంకెలు కనిపిస్తాయి. సరుకు పేరే రాస్తే అందరికీ తెలుస్తుంది కదా? ఈ అంకెలను ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: ప్రమాదం జరిగాక అక్కడికి ముందుగా చేరుకునే అగ్నిమాపక సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని ఆ పలకను రూపొందించారు. ఒకే రసాయనానికి వ్యాపారంలో ఒక పేరు, ప్రయోగశాలలో మరో పేరు, భాషకో పేరు ఉంటాయి. పొగ కమ్మిన చోట దూరంగా నిలబడి చదవాల్సి వచ్చినప్పుడు పొడవాటి పేరు కన్నా నాలుగంకెలే త్వరగా చిక్కుతాయి. కింది వరుసలో ఉండేది ఐక్యరాజ్యసమితి ఆ పదార్థానికి కేటాయించిన సంఖ్య: పెట్రోలుకు 1203, డీజిలుకు 1202, అమ్మోనియా వాయువుకు 1005. పై వరుస ప్రమాద స్వభావాన్ని చెబుతుంది. అందులో 2 అంటే వాయువు, 3 అంటే మండే ద్రవం, 6 అంటే విషం, 8 అంటే ఒంటినీ లోహాన్నీ తినేసే గుణం. అంకె జంటగా వస్తే తీవ్రత ఎక్కువని అర్థం. అందుకే పెట్రోలు పలక మీద 33 ఉంటే డీజిలు పలక మీద 30 ఉంటుంది. అంకెల ముందు ఎక్స్ అక్షరం ఉంటే ఆ సరుకుకు నీళ్లు తగలకూడదు. సోడియం లోహాన్ని తీసుకెళ్లే బండి మీద ఎక్స్423 అని రాస్తారు. మంట కనబడగానే నీళ్ల గొట్టం అందుకునే చేతిని ఆపాల్సింది ఆ ఒక్క అక్షరమే.

1957లో జెనీవాలో కుదిరిన ఐరోపా రహదారి రవాణా ఒప్పందం ప్రకారం ఈ పలక సాధారణంగా 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ట్యాంకరు పావుగంట సేపు మంటల్లో చిక్కుకున్నా పలక ఊడిపడకూడదు, అంకెలు చెరిగిపోకూడదు. పలక రూపం అన్ని దేశాల్లోనూ ఇదే కాదు. ఉదాహరణకు అమెరికాలో అవే నాలుగంకెలను వజ్రాకారపు ఫలకం మీద చూపిస్తారు. పదార్థాలను 9 వర్గాలుగా విభజించి సంఖ్యలిచ్చే పని ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి కింద ఉన్న నిపుణుల సంఘానిది. 1956లో తొలిసారి వెలువడిన వారి సిఫార్సులను ఇప్పుడు రెండేళ్లకోసారి సవరిస్తున్నారు. సిఫార్సులకు వాటంతట వాటికి చట్టబలం లేదు కాబట్టి, ఏ దేశానికి ఆ దేశం వాటిని తన చట్టంలోకి తెచ్చుకోవాలి.

ప్రశ్న: ఇన్ని నిబంధనలున్నా ఘోర ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? ఖాళీ ట్యాంకరుకూ పలక ఉంచాలంటారు, అది అవసరమా?

జవాబు: కారణాలు చాలా ఉన్నా, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒకటుంది. ఈ వ్యవస్థ అంతా సరుకు పంపేవారు పత్రంలో రాసిన మాట మీద నిలబడింది. డ్రైవరుకు మూత తీసి పరీక్షించే వీలుండదు. కాగితంలో ఏముంటే అదే పలక మీదికి వస్తుంది, ఆ పలకను బట్టే సిబ్బంది ప్రాణాలకు తెగించి ముందుకు వెళతారు. 2013 జులై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణంలో ముడి చమురు రైలు పట్టాలు తప్పి 47 మంది చనిపోయారు. మనిషి లేకుండా నిలిపి ఉంచిన ఆ రైలుకు చేతి బ్రేకులు చాలినన్ని వేయకపోవడం వల్ల అది వాలులో దొర్లుకుంటూ వచ్చింది. అయితే దర్యాప్తులో మరో సంగతి కూడా బయటపడింది: రెండో ప్రమాద స్థాయికి చెందిన ఆ చమురును పత్రాల్లో అంతకన్నా తక్కువదైన మూడో స్థాయిగా చూపించారు. ఆ ప్రమాదం తరువాత అమెరికా, కెనడా ప్రభుత్వాలు మండే ద్రవాలను మోసే ట్యాంకు వ్యాగన్లకు మరింత దృఢమైన ప్రమాణాలను తెచ్చాయి.

ఖాళీ ట్యాంకరు విషయంలో ‘ఖాళీ’ అనే మాటను అంత తేలిగ్గా నమ్మకూడదు. పెట్రోలు దింపేసిన ట్యాంకులో అడుగున మిగిలిన కాస్త ద్రవం ఆవిరిగా మారుతూనే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు. నిండుగా ఉన్న ట్యాంకులో గాలికి చోటే తక్కువ. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసే వీలు ఎక్కువ. అందువల్ల లోపల కడిగి, ఆవిరి పూర్తిగా పోగొట్టేదాకా పలక ఉండాల్సిందే. శుభ్రం చేశాక దాన్ని తీసేయడమో కప్పేయడమో కూడా అంతే తప్పనిసరి. లేని ప్రమాదాన్ని చూపే పలకలు ఎదురవుతూ ఉంటే ఉన్న ప్రమాదాన్ని చూపే పలకను కూడా ఎవరూ లెక్కచేయరు.

1996 మే 11న మయామి నుంచి బయలుదేరిన ఒక ప్రయాణికుల విమానంలో రసాయన చర్యతో ఆక్సిజన్‌ను పుట్టించే పరికరాలున్న పెట్టెలు ఎక్కించారు. గడువు తీరినా ఇంకా వాడని ఆ పరికరాలకు భద్రతా మూతలు పెట్టలేదు. పత్రంలో మాత్రం అవి ఖాళీవని రాశారు. సరుకు గదిలో చెలరేగిన మంటతో విమానం కూలి, అందులోని 110 మందీ మరణించారు. ‘ఖాళీ’ అనే ఆ ఒక్క మాట బదులు నిజం రాసి ఉంటే ఆ పెట్టెలు విమానం ఎక్కేవే కావు.

ప్రశ్న: పవర్ బ్యాంకును విమానంలో సామానులో వేయనివ్వరు, చేతి సంచిలో మాత్రం అనుమతిస్తారు. ప్రయాణికుల దగ్గరే ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ కాదా?

జవాబు: లిథియం బ్యాటరీ ఒకసారి లోలోపల వేడెక్కడం మొదలైతే ఆ వేడి ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు పాకుతుంది, సరుకు గదిలోని మంటలార్పే వాయువు దాన్ని ఆపలేదు. కళ్లెదుట పొగ వస్తే సిబ్బంది వెంటనే నీళ్లు పోసి చల్లార్చగలరు. బ్యాటరీలో పట్టే శక్తిని వాట్ అవర్లలో కొలుస్తారు. 100 వాట్ అవర్లలోపు ఉన్నవాటిని సాధారణంగా అనుమతిస్తారు, 160 దాకా ఉన్నవాటికి విమాన సంస్థ ఒప్పుకోలు కావాలి. కొన్ని సంస్థలు ఇంతకన్నా కఠినమైన షరతులు పెడుతున్నాయి. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకును 3.7 వోల్టుల చొప్పున లెక్కిస్తే 74 వాట్ అవర్లు వస్తుంది. ఆ సంఖ్య చెరిగిపోయిన పరికరాన్ని తనిఖీ సిబ్బంది పక్కన పెడితే వారిని తప్పుపట్టకండి. లోపల ఎంత శక్తి ఉందో వారికి చెప్పే ఆధారం ఆ ముద్రణ ఒక్కటే.