సగంలో ఆగిన థీసిస్: కొనాలా, కుదించుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ పీడియాట్రిక్స్ రెండో సంవత్సరంలో ఉంది. చిన్నపిల్లల్లో రక్తహీనతకు కారణాలపై థీసిస్ చేస్తోంది. 336 మంది పిల్లలు కావాలట, ఇప్పటికి 62 మందే అయ్యారు. ఖరీదైన పరీక్షలకు డబ్బు లేదు, గైడ్‌కు తీరిక లేదు. సమర్పణకు ఎనిమిది నెలలే ఉంది, అందులో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని చేయాలి. రాత్రుళ్లు ఫోన్ చేసి ఏడుస్తోంది. నలభై వేలు ఇస్తే లెక్కలతో సహా పుస్తకం తయారుచేసి ఇస్తామని ఒకరు అంటున్నారు. ఇవ్వమంటారా? లేకపోతే తెలిసినవారి చేత విభాగాధిపతికి చెప్పించమంటారా? (ఒక తండ్రి, ఖమ్మం జిల్లా)

జవాబు: రెండూ వద్దండి. ఎందుకో చెబుతాను, అంతకంటే ముందు అమ్మాయి ఎక్కడ ఇరుక్కుందో చూద్దాం. నేను చాలా ఏళ్లు కమ్యూనిటీ మెడిసిన్ బోధించి ఈ సలహాలు రాసే పనిలోకి వచ్చినవాడిని. పీజీలు థీసిస్ దగ్గర ఏడవడం నాకు కొత్త కాదు. ఆ ఏడుపులో ఎక్కువ భాగం బద్ధకం వల్ల వచ్చింది కాదు, మొదటి ఆరు నెలల్లో హడావుడిగా రాసిచ్చిన సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) వల్ల వచ్చింది.

మీరు ఉత్తరంతో జతచేసిన కాగితం చూశాను. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే పరీక్ష), బి12, ఫోలేట్, హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ (వంశపారంపర్య రక్తలోపాలు పట్టే పరీక్ష), కుటుంబ ఆదాయం, తల్లి చదువు, నులిపురుగులు... అన్నీ ఉన్నాయి. ఒక్క మనిషి, నైట్ డ్యూటీలు చేసుకుంటూ, 336 మంది పిల్లల మీద ఇవన్నీ చేయాలి. పరిశోధన కోసమే చేసే పరీక్షల ఖర్చును రోగి కుటుంబం మీద వేయకూడదు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి నైతిక మార్గదర్శకాలు ఆ మాట స్పష్టంగా చెబుతాయి. మరి ఫెరిటిన్‌కు డబ్బు ఎవరిస్తారు? సినాప్సిస్ రాసినరోజు ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు.

డబ్బు దొరికినా ఇంకో చిక్కుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువగా ఉన్నా ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్లలోపు పిల్లలకు లీటరుకు 12 మైక్రోగ్రాముల హద్దు పెట్టి, ఇన్ఫెక్షనో వాపో ఉన్న పిల్లలకు దాన్ని 30గా చూడమంటుంది. వార్డులో చేరేవాళ్లలో చాలామంది న్యుమోనియాతోనో విరేచనాలతోనో వచ్చేవాళ్లే. ఇన్ఫెక్షన్, వాపు ఉన్నాయేమో చెప్పే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయకుండా ఫెరిటిన్ ఒక్కటే చేస్తే ఖర్చు పెట్టి తప్పుదారి పట్టినట్టే.

కాబట్టి ప్రశ్నను కుదించాలి. వార్డులో చేరిన ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష ఎలాగూ చేస్తారు, హిమోగ్లోబిన్ అందులోనే వస్తుంది. 'మా వార్డులో చేరిన 6 నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత ఎంతమందికి ఉంది, వాళ్ల తిండితో దానికి సంబంధం కనిపిస్తోందా' అన్నది చాలు. అదనంగా సూది గుచ్చక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఇది చిన్న ప్రశ్న అని గైడ్ ముఖం చిట్లించవచ్చు. పూర్తయిన చిన్న ప్రశ్న మీద పరీక్ష రాయవచ్చు, సగంలో ఆగిన పెద్ద ప్రశ్న మీద రాయలేం. థీసిస్‌ను థియరీ పరీక్షలకు కనీసం ఆరు నెలల ముందు సమర్పించాలి, పరీక్షకులు ఆమోదించాకే పరీక్షకు అర్హత వస్తుంది.

ఇప్పుడు 336 సంగతి. ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 6-59 నెలల పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఎంతమందిని తీసుకోవాలో చెప్పే పాత సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్‌లో పీ (రక్తహీనత ఉన్నవాళ్ల శాతం) 70, క్యూ (లేనివాళ్ల శాతం) 30, డీ (ఎంత అటూఇటూ ఒప్పుకుంటామో) 5 వేస్తే, 8400ను 25తో భాగిస్తే 336. అంటే ఐదు శాతం అటూఇటూ కచ్చితత్వం కోరుకున్నారు. ఏడు శాతం చాలనుకుంటే 8400ను 49తో భాగించాలి, 172 వస్తుంది. కచ్చితత్వం కొంత తగ్గింది, ఆ సంగతి పుస్తకంలో దాచకుండా రాయాలి. ఆసుపత్రికి వచ్చే పిల్లలు రాష్ట్రంలోని పిల్లలందరికీ ప్రతినిధులు కారని కూడా రాయాలి. పరీక్షకులు ఎలాగూ అడిగే మాట అది. ముందే రాసుకున్నవాళ్లను ఎక్కువసేపు అడగరు.

172లో 62 పోగా ఇంకా 110 మంది. ఎనిమిది నెలల్లో డీఆర్‌పీకి, అంటే జిల్లా ఆసుపత్రి పనికి, మూడు పోతే ఐదు. చివర నెలన్నర విశ్లేషణకూ రాతకూ ఉంచితే మూడున్నర నెలలు, అంటే పదిహేను వారాలు. వారానికి ఏడెనిమిది మంది. పిల్లల వార్డులో అది అందుబాటులో ఉన్న అంకే. అయితే వరుసగా చేరిన పిల్లలందరినీ తీసుకోవాలి. పాలిపోయినట్టు కనిపించిన బిడ్డలనే ఏరుకుంటే శాతం దానంతటదే పెరిగిపోతుంది. డీఆర్‌పీ మూడు నెలలూ వృథా అనుకోవద్దు, పూర్వ పరిశోధనల అధ్యాయం అక్కడే రాసేయవచ్చు. వైద్య పరిశోధనా వ్యాసాలు వెతుక్కునే పబ్‌మెడ్ ఉచితం, మూలాలను వరుసలో పెట్టుకునే జొటేరో ఉచితం. పీజీలందరికీ తప్పనిసరి అయిన పరిశోధనా పద్ధతుల ఆన్‌లైన్ కోర్సును చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడుపుతోంది. అమ్మాయి దాన్ని సర్టిఫికెట్ కోసం పరుగు పరుగున ముగించి ఉంటే, నమూనా పరిమాణం పాఠం మాత్రం మళ్లీ వినమనండి.

ఈ మార్పులు అమ్మాయి తనంతట తాను చేసుకోకూడదు. గైడ్ ఒప్పుకోవాలి, గణాంక నిపుణులు చూడాలి, సవరణను ఎథిక్స్ కమిటీకి పంపి అనుమతి తీసుకోవాలి, శీర్షిక మారితే విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. మొదట కమిటీ అనుమతి వచ్చిన తేదీకి ముందు చేర్చిన పిల్లలెవరైనా ఆ 62 మందిలో ఉంటే వాళ్లను తీసేయాల్సిందే. ఇది పరిశీలన మాత్రమే కాబట్టి సరిపోయింది. మందు ఇచ్చి చూసే ప్రయోగమైతే మొదటి రోగిని చేర్చకముందే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ప్రయోగాల జాతీయ రిజిస్ట్రీలో) నమోదు కావాలి. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ వెనక తేదీ నమోదులు తీసుకోవడం లేదు.

ఇంకో నిర్ణయం ముందే జరగాలి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రక్తహీనత హద్దులు మార్చింది. 6-23 నెలల పిల్లలకు డెసిలీటరుకు 10.5 గ్రాములు, 24-59 నెలలవాళ్లకు 11. అంతకుముందు అందరికీ 11. పద్దెనిమిది నెలల పాపకు 10.7 వస్తే పాత లెక్కలో రక్తహీనత ఉంది, కొత్త లెక్కలో లేదు. సర్వే 70 శాతం పాత హద్దుతో తేల్చింది. దానితో పోల్చాలంటే 11 వాడాలి, నేటి పద్ధతి కావాలంటే కొత్తది వాడాలి. నా మటుకు నేను రెండు పట్టికలూ ఇమ్మంటాను. చేతిలో ఉన్న అంకెల నుంచే రెండూ వస్తాయి, పైగా థీసిస్‌లో చెప్పుకోదగ్గ సంగతి ఒకటి అప్పనంగా దొరుకుతుంది.

ఇక మాస్టర్ చార్ట్ (పిల్లలందరి వివరాలూ ఒక్కచోట ఉండే పట్టిక) గురించి. ఏ రోజు చేరిన బిడ్డ వివరాలు ఆ రోజే ఎక్సెల్‌లోకి ఎక్కాలి. వయసు గడిలో 'ఏడాదిన్నర' అని కాదు, 18 అని నెలల్లో. హిమోగ్లోబిన్ గడిలో అంకె తప్ప 'గ్రాములు' అన్న మాట ఉండకూడదు, ఉంటే కంప్యూటర్ దాన్ని అంకెగా చదవదు. పరీక్ష చేయనిచోట సున్నా పెట్టకూడదు. ఒక విద్యార్థి అలా పెట్టిన సున్నాలతో సగటు హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది. పిల్లలందరికీ రక్తం ఎక్కించాల్సినంత పరిస్థితి వచ్చిందేమో అనుకున్నాం! పేర్లు చార్ట్‌లోకి రాకూడదు, వరుస సంఖ్య చాలు. ఏ సంఖ్య ఏ బిడ్డదో చెప్పే జాబితా విడిగా, తాళంలో ఉండాలి.

ఇక నలభై వేల పుస్తకం. నేను చూసిన అలాంటి ఒక పుస్తకంలో పదకొండు మంది రోగులను చేర్చిన తేదీల్లో ఆ విద్యార్థి అసలు ఆ ఊళ్లోనే లేడు, డీఆర్‌పీలో ఉన్నాడు. పరీక్షకుడు వైవాలో వేలుపెట్టి చూపించింది దాన్నే. అంకెలు అల్లేవాళ్లకు వార్డు తెలియదు, అమ్మాయి డ్యూటీ రోస్టర్ తెలియదు. అక్షరాలనైనా వాళ్లు కొత్తగా రాయరు, పది పుస్తకాల నుంచి ఎత్తి పెడతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాటితే తిప్పి రాయించడంతో మొదలై, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు దాకా వెళ్తుంది. అది తప్పించుకున్నా, చేయని పరీక్షల ఫలితాలు పిల్లల పేరున రాసి సంతకం పెట్టే డాక్టర్ కావాలనా అమ్మాయిని అన్నేళ్లు చదివించారు? ఖర్చు పెట్టాలని ఉంటే గణాంక నిపుణుల రుసుముకు పెట్టండి, ముద్రణకు పెట్టండి, డ్యూటీ నుంచి వచ్చేసరికి గదికి వేడి భోజనం వచ్చే ఏర్పాటుకు పెట్టండి. అవన్నీ న్యాయమైన ఖర్చులు.

సిఫారసు ఫోన్ అసలే వద్దు. పీజీ తండ్రి తరఫున ఎవరో ఫోన్ చేశారన్న మాట విభాగంలో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలుస్తుంది, ఆ బరువు మోయాల్సింది అమ్మాయే. గైడ్‌కు తీరిక లేదన్నది నిజమే కావచ్చు. రౌండ్స్ మధ్యలో ఎదురుపడి 'మేడం, థీసిస్ గురించి...' అని మొదలుపెడితే ఎవరికీ ఉండదు. ఒక్క కాగితం తీసుకెళ్లమనండి. పైన కుదించిన ప్రశ్న, కింద 172 ఎలా వచ్చిందో ఒక వరుస, దాని కింద వారాల లెక్క, చివర 'సవరణ దరఖాస్తుపై మీ సంతకం కావాలి' అన్న ఒక్క కోరిక. నిలబడి చదవగలిగే కాగితానికి జవాబు వస్తుంది. అరవై పేజీల ఫైలు ఇస్తే బల్ల మీదే ఉండిపోతుంది.

సమ్మతి పత్రం కూడా ఒకసారి చూడమనండి. చాలా థీసిస్‌లలో తెలుగు పత్రం 'స్వచ్ఛంద సమ్మతిని ఇందుమూలముగా తెలియజేయడమైనది' అన్న ధోరణిలో ఉంటుంది. వార్డులో బిడ్డను ఒళ్లో వేసుకున్న తల్లికి అది అర్థం కాదు. 'జ్వరం కోసం ఎలాగూ తీస్తున్న రక్తంలోనే మీ బాబుకు రక్తం తక్కువుందేమో చూస్తాం. వేరే సూది వేయం. వద్దంటే వైద్యం ఆగదు' అని ఉండాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, అధ్యయనంతో సంబంధం లేని సాక్షి సంతకం పక్కనే ఉండాలి. నానమ్మ వేసిన వేలిముద్ర తల్లిదండ్రుల అనుమతి కిందికి రాదు.

డ్యూటీ లేని మొదటి ఆదివారం అమ్మాయిని ఆ 62 ప్రొఫార్మాలూ (ఒక్కో బిడ్డ వివరాలు నింపిన ఫారాలు) ముందేసుకుని కూర్చోమనండి. ఎన్నింటికి సమ్మతి పత్రం సరిగ్గా ఉంది, ఎన్ని కమిటీ అనుమతి తేదీ తరవాతవి, ఎందరి వయసు 6-59 నెలల మధ్య ఉంది, ఎన్నింటిలో హిమోగ్లోబిన్ రాసి ఉంది, ఈ నాలుగూ చూసి నిలిచినవి ఎన్నో నాకు రాయమనండి. అవి 62 కాకుండా 48 అయితే వారానికి ఎనిమిది మందికి పైనే కావాలి, ఆ లెక్క మళ్లీ వేసుకుందాం.