చెన్నై వచ్చాక కుక్క ఒంటి మీద పొక్కులు వస్తుంటే

కర్నూలు, అనంతపురం వైపు నుంచి కుక్కతో సహా చెన్నైకి మారినవాళ్లు తరచూ అడిగే సందేహం ఒకటుంది. "అక్కా, ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాడికి ఏమీ లేదు. ఇక్కడికొచ్చాక పొట్ట కింద ఎర్రగా పొక్కులు, రాత్రంతా ఒకటే గోకుడు. ఇక్కడి నీళ్లు పడలేదంటారా?"

నీళ్ల మీదకు నెట్టేసి ఊరుకోకండి. చాలాసార్లు అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. డాక్టర్లు పయోడెర్మా అంటారు. దీనికి ఎక్కువగా కారణమయ్యే స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద, ముక్కులో, నోట్లో మామూలుగానే ఉంటుంది. అలర్జీ, గోమార్లు, గజ్జి పురుగులు, థైరాయిడ్ లోపం లాంటివి చర్మాన్ని దెబ్బతీసినప్పుడు అది విజృంభిస్తుంది. చెన్నై ఉక్కపోత దానికి ఇంకాస్త సాయం చేస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానల్లో వాకింగ్‌కి వెళ్లి తడిసొచ్చిన కుక్కని తుడవకుండా వదిలేస్తే చంకల్లో, వేళ్ల సందుల్లో తడి అలాగే ఉండిపోతుంది. పగ్‌కైతే ముఖం మీది ముడతల్లోనూ అంతే.

కుక్కని వెల్లకిలా పడుకోబెట్టి, మంచి వెలుతురులో పొట్ట, తొడల లోపలివైపు, చంకలు చూడండి. చీము పొక్కు ఎక్కువసేపు నిలవదు, చితికిపోతుంది. అది చితికినచోట గుండ్రటి మచ్చ, దాని అంచు చుట్టూ పొట్టు లేచినట్టు పొలుసులు కనిపిస్తాయి. పొట్టి జుట్టు కుక్కల్లో వీపు మీద అక్కడక్కడా జుట్టు ఊడి, చెదలు తిన్న బట్టలా అవుతుంది. తామర కూడా ఇలా గుండ్రంగా కనపడొచ్చు, అది ఫంగస్. చూపుతో తేల్చడం డాక్టర్లకే కష్టం, ఫొటో చూసి మనం తేల్చేది కాదు.

అందుకే మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబు పూయొద్దని మరీ మరీ చెబుతున్నాను. మనుషుల కోసం అమ్మే ఆ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. పైగా కుక్క దాన్ని నాకేస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు ఫోన్లో చెప్పే పసుపు, కొబ్బరినూనె పట్టు కూడా చీము పట్టిన చర్మం మీద వద్దు. కాలిన ఇంజన్ ఆయిల్ అయితే అచ్చంగా విషమే, టీ ట్రీ ఆయిల్ కూడా కుక్కలకి ప్రమాదం.

డాక్టర్ దగ్గరికి వెళ్లాక అడగాల్సింది ఒకటే: "స్మియర్ తీసి చూస్తారా?" పొక్కు మీద గాజు స్లైడ్‌ని అద్ది, రంగులో ముంచి, మైక్రోస్కోప్ కింద పెడతారు. బ్యాక్టీరియా ఉంటే చీము కణాల మధ్య చిన్న చిన్న నీలి చుక్కలు కనిపిస్తాయి. కొద్ది నిమిషాల పని. గజ్జి అనుమానముంటే చర్మాన్ని కాస్త గీకి చూస్తారు. మందులు వాడినా మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే కల్చర్ టెస్ట్ చేయించండి. మామూలు యాంటీబయోటిక్స్‌కి లొంగని రకాలు ఇప్పుడు కుక్కల్లో బాగానే ఉన్నాయి. దగ్గర్లో సరైన క్లినిక్ దొరక్కపోతే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి. 1903లో మొదలైన కాలేజీ, చదువు చెప్పే ఆసుపత్రి, ఖర్చు కూడా తక్కువ. రద్దీగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే బయలుదేరండి.

ఇన్ఫెక్షన్ చర్మం పైపైనే ఉంటే చాలాసార్లు క్లోరెక్సిడిన్ అనే క్రిమినాశక మందున్న షాంపూతోనే నయమవుతుంది. మొదట్లో వారానికి రెండు మూడుసార్లు దాంతో స్నానం చేయించమంటారు. ఇందులో అసలు కీలకం పది నిమిషాలు. నురగ పట్టించి వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. ఫోన్లో టైమర్ పెట్టి, పొక్కులున్న చోటి నుంచే మొదలుపెట్టి, నాకకుండా మాట్లాడుతూ వేళ్లతో రుద్దుతూ ఉండండి. మా ల్యాబ్రడార్‌కి ఆ పది నిమిషాలూ గొంతు కింద నిమురుతూ ఉండాలి, లేకపోతే ఒళ్లు విదిలించేస్తుంది. కడిగాక టవల్‌తో అద్ది, వేళ్ల సందులు కూడా ఆరబెట్టండి.

లోతుగా దిగిన ఇన్ఫెక్షన్‌కి మాత్రలు తప్పవు. కుక్క బరువును బట్టి డోసు ఉంటుంది కాబట్టి ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకండి. గోకుడు తగ్గిందని మధ్యలో ఆపేయకండి. ఎప్పుడు ఆపాలన్నది డాక్టర్ మళ్లీ చూసి చెప్పాలి. ఆ రెండో విజిట్‌ని చాలామంది ఎగ్గొడతారు, బాధంతా అక్కడే మొదలవుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే టెన్షన్ పడక్కర్లేదు. ఈ బ్యాక్టీరియా మనుషులకి అంటుకోవడం అరుదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, పుండ్లున్నవాళ్లు మాత్రం కాస్త జాగ్రత్త.

పొక్కులు మానిపోయాక కూడా దురద ఉంటే, అసలు కారణం ఇంకా మిగిలే ఉందన్నమాట. గోమార్ల మందు నెలనెలా పడుతోందా, తిండి మార్చారా, ఏ నెలల్లో దురద ఎక్కువవుతోంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, మచ్చల ఫొటోలు తేదీలతో సహా ఫోన్లో ఉంచుకుని వెళ్లండి. అలర్జీ అని తేల్చడానికి డాక్టర్‌కి వాటికన్నా పనికొచ్చేది మీ దగ్గర ఇంకేదీ ఉండదు.